బయోస్ అప్‌డేట్: వెంటనే వేయాలా, ఆగి వేయాలా, ముట్టుకోకుండా ఉండాలా?

బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే, మదర్‌బోర్డు మీది చిప్‌లోనే ఉండే ప్రోగ్రాము. మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో దాని పేజీ తెరిస్తే ప్రతి కొత్త వెర్షన్ పక్కన రెండు మూడు ముక్కలు రాసి ఉంటాయి. స్టెబిలిటీ పెరిగింది, కొత్త ప్రాసెసర్లకు సపోర్ట్ వచ్చింది, సెక్యూరిటీ లోపాలు సరిచేశాం, అంతే. వాటి కింద ఎప్పుడైనా ఓ చిన్న వాక్యం కనిపిస్తుంది: ఈ వెర్షన్ వేశాక పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లలేరు. చాలామంది దాన్ని చదవకుండానే దాటేస్తారు. నేనూ అలాగే దాటేసేవాణ్ని.

నాకో ల్యాప్‌టాప్ ఉంది. వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే ప్రాసెసర్ వేడి 95 డిగ్రీలకు పోయేది, ఫ్యాన్ హోరు పక్క గదిలోకి వినిపించేది. వోల్టేజ్‌ను 100 మిల్లీవోల్టులు తగ్గించి పెట్టుకుంటే అదే పని 80 డిగ్రీల దగ్గర నడిచింది. కొన్నాళ్లు హాయిగా వాడుకున్నాను. 2020 మొదట్లో ఒక రోజు సెక్యూరిటీ కోసం బయోస్ అప్‌డేట్ అని వస్తే ఓకే నొక్కాను. ఐదు నిమిషాల్లో అయిపోయింది, ఎర్రర్ ఏమీ లేదు. మళ్లీ ఎడిటింగ్ తెరిచేసరికి అదే హోరు. వోల్టేజ్ స్లైడర్‌ను ఎంత జరిపినా కింద అంకె సున్నా దగ్గర నుంచి కదల్లేదు. పాత ఫైల్ దింపుకుని వేయబోతే, ఇది ఇప్పుడున్నదానికంటే పాతది, వేయడం కుదరదని టూల్ అక్కడే ఆగిపోయింది.

కారణం తర్వాత తెలిసింది. ప్లండర్‌వోల్ట్ అనే లోపం 2019 డిసెంబరులో బయటపడింది. వోల్టేజ్ తగ్గించే ఆ దారినే వాడుకుని ఇంటెల్ ప్రాసెసర్ లోపల ఎస్‌జీఎక్స్ అనే రక్షణ అరలో దాచిన సమాచారాన్ని లాగొచ్చని పరిశోధకులు చూపించారు. అందుకే ఆ దారి మూసేశారు. మూయడం తప్పని నేను అనను. కానీ మూస్తున్నామని ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఆ రోజు ఓకే నొక్కేవాణ్ని కాదు.

బయోస్ అప్‌డేట్ అనగానే అందరికీ ఒకటే టెన్షన్: మధ్యలో కరెంటు పోతే? ఆ భయం నిజమే. బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్ ఉంటుంది, ఈ మధ్య బోర్డుల్లో మామూలుగా 16 లేదా 32 మెగాబైట్లది. పాతది చెరిపి కొత్తది రాస్తుండగా పని ఆగిపోతే బోర్డు బ్రిక్ అవుతుంది, అంటే ఇటుకలా పనికిరాకుండా పడి ఉంటుంది. అయితే ఈ దెబ్బకు ఇప్పుడు మందులున్నాయి. చాలా బోర్డుల వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. ఆసుస్‌లో బయోస్ ఫ్లాష్‌బ్యాక్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్ ప్లస్, ఎంఎస్ఐలో ఫ్లాష్ బయోస్ బటన్ అంటారు. పవర్ సప్లై తగిలించి, ఫైల్ ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఆ పోర్టులో పెట్టి బటన్ నొక్కితే, ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా చిప్‌లోకి రాసేస్తుంది. కొన్ని బోర్డుల్లో రెండో బయోస్ చిప్పే ఉంటుంది. ఇవేవీ లేకపోతే ప్రోగ్రామర్ అనే చిన్న పరికరానికి క్లిప్ తగిలించి నేరుగా చిప్ మీదే రాసే రిపేర్ వాళ్లు ఉన్నారు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది రెండో రకం. అప్‌డేట్ సజావుగా పూర్తవుతుంది, కంప్యూటర్ బాగానే లేస్తుంది, కానీ తిరిగి వచ్చే దారి ఉండదు. పద్మవ్యూహంలోకి వెళ్లిన అభిమన్యుడి పరిస్థితి. ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఎప్పుడు జాగ్రత్త పడాలో కూడా తెలుస్తుంది.

మొదటిది, చిప్‌లో చోటు చాలకపోవడం. ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం4 అనే సాకెట్ మీద ఏళ్ల తరబడి ప్రాసెసర్లు వస్తూనే ఉన్నాయి. అన్నిటి కోడూ 16 మెగాబైట్లలో పట్టలేదు. ఏఎండీ రైజెన్ 3000 ప్రాసెసర్లు వచ్చిన 2019లో ఎంఎస్ఐ కొన్ని పాత బోర్డుల కోసం బయోస్ స్క్రీన్‌లోని హంగులు తగ్గించి, కొన్ని పాత ప్రాసెసర్లకు సపోర్ట్ తీసేసి లైట్ వెర్షన్ ఇచ్చింది. 2020 మే నెలలో ఏఎండీ ఇంకా సూటిగా చెప్పింది: 400 సిరీస్ బోర్డుల మీద రైజెన్ 5000 కోసం ఇచ్చే బయోస్ ఎన్నో పాత ప్రాసెసర్లకు సపోర్ట్ తీసేస్తుంది, అది ఒకవైపు దారి, మళ్లీ పాత వెర్షన్‌కు వెళ్లడానికి సపోర్ట్ ఉండదు అని. కొత్త ప్రాసెసర్ చేతిలోకి రాకముందే అలాంటిది వేసుకుంటే ఉన్న పాత ప్రాసెసర్‌తో కంప్యూటర్ లేవకపోవచ్చు.

రెండోది, కావాలని వేసే తాళం. పాత వెర్షన్‌లో తెలిసిన లోపం ఉంటే, దొంగ కూడా మొదట ఆ పాత వెర్షన్‌నే తిరిగి వేయాలని చూస్తాడు. అందుకే డౌన్‌గ్రేడ్ ఆపుతారు. కొన్నిచోట్ల ఇది టూల్ చేసే చెక్ మాత్రమే, ఫ్లాష్‌బ్యాక్ బటన్‌తో దాటే అవకాశం ఉంటుంది. ఇంకొన్ని ప్లాట్‌ఫామ్‌లలో సెక్యూరిటీ వెర్షన్ అంకెను సిలికాన్ లోపలి ఫ్యూజుల్లో నమోదు చేస్తారు. ఒకసారి కాలిన ఫ్యూజు మళ్లీ మామూలు కాదు. అప్పుడు చిప్ ఊడదీసి పాత ఫైల్ రాసినా హార్డ్‌వేర్ ఒప్పుకోదు. అందుకే అప్‌డేట్‌తో పాటు ఇంటెల్ ఎంఈ (ఇంటెల్ చిప్‌సెట్‌లో విడిగా పనిచేసే చిన్న కంట్రోలర్) ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి ప్రోగ్రాము, కూడా మారుతుందని రాసి ఉంటే నేను అక్కడ రెండుసార్లు చదువుతాను.

ఇదంతా విన్నాక ముట్టుకోకుండా వదిలేయడమే మేలు అనిపిస్తుంది. చాలామంది సలహా కూడా అదే: నడుస్తున్నదాన్ని కెలకొద్దు. దానికి గట్టి ఉదాహరణలూ ఉన్నాయి. స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడిన 2018 జనవరిలో హడావిడిగా వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలను సరిచేసే కోడ్) వల్ల కంప్యూటర్లు వాటంతట అవే రీబూట్ అయ్యాయి. ఆ వెర్షన్లు వేయడం ఆపేయండని అదే నెల 22న ఇంటెలే చెప్పాల్సి వచ్చింది. ఆ మూడు వారాలు ఓపిక పట్టినవాళ్లకు ఆ బాధ తప్పింది.

కానీ వదిలేయడం కూడా ఒక్కోసారి వెనక్కి రాని దారే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సంగతి చూడండి. అవసరానికి మించిన వోల్టేజ్ వల్ల చిప్ లోపల అరుగుదల మొదలయ్యేది. గేమ్స్ క్రాష్ అవడంతో మొదలై చివరికి ప్రాసెసరే పనికిరాకుండా పోయేది. దీన్ని అడ్డుకునే మైక్రోకోడ్ 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో బయోస్ అప్‌డేట్ల ద్వారా వచ్చింది. అది మున్ముందు అరుగుదలను ఆపుతుంది, జరిగినదాన్ని నయం చేయదు. నా కంప్యూటర్ బాగానే ఉందిగా అని ఆరు నెలలు ఊరుకున్నవాళ్లు పోగొట్టుకున్నది ఏ ఫైల్ వేసినా తిరిగి రాదు. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలినప్పుడూ అంతే. ఎస్ఓసీ వోల్టేజ్, అంటే ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు వెళ్లే వోల్టేజ్, 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసిన బయోస్ వచ్చిన రోజే వేసుకోవడం సరైన పని.

కాబట్టి నా తూకం ఇలా ఉంటుంది. హార్డ్‌వేర్ దెబ్బతినే లోపానికి మందు వస్తే ఆ వారంలోనే వేస్తాను, దారి మూసుకుపోయినా సరే. సెక్యూరిటీ లోపమైతే కొద్ది వారాలు ఆగుతాను కానీ మానేయను. 2023 డిసెంబరులో బయటపడిన లోగోఫెయిల్ లాంటివి, అంటే స్టార్టప్ లోగో బొమ్మను చదివే కోడ్‌లోనే ఉన్న లోపాలు, ఫర్మ్‌వేర్ మార్చితే తప్ప పోవు. ఎంత మంచి యాంటీవైరస్ ఉన్నా అక్కడిదాకా చేయి వెళ్లదు. కొత్త ప్రాసెసర్ సపోర్ట్ ఒక్కటే కారణమైతే, ఆ ప్రాసెసర్ నా చేతికి వచ్చేదాకా జోలికి పోను. స్టెబిలిటీ పెరిగింది అని ఒక్క మాటే రాసి, నా కంప్యూటర్‌లో ఏ ఇబ్బందీ లేకపోతే వదిలేస్తాను. బీటా, అంటే ఇంకా పరీక్షలో ఉన్నది, అని రాసి ఉన్నవాటిని ఆ లోపం నన్నే పీడిస్తుంటే తప్ప ముట్టుకోను.

ఆగమన్నది ఊరికే కాదు. ఆ రోజుల్లో పేజీని మళ్లీ మళ్లీ చూడాలి. నిన్న ఉన్న వెర్షన్ ఇవాళ కనిపించకపోతే, దాన్ని చప్పుడు లేకుండా వెనక్కి తీసుకుని ఉండొచ్చు. ఇప్పుడున్న వెర్షన్ ఫైల్‌ను కూడా ముందే దింపి దాచుకోండి. అది కూడా పేజీ నుంచి మాయం కావచ్చు.

ల్యాప్‌టాప్ వాళ్లకు ఇంకో మాట. విండోస్ అప్‌డేటే ఫర్మ్‌వేర్‌ను కూడా తెచ్చి వేసేయగలదు, కాబట్టి అడక్కుండానే దారి మూసుకుపోవచ్చు. డెల్ మెషీన్లలో అలో బయోస్ డౌన్‌గ్రేడ్ అని, థింక్‌ప్యాడ్‌లలో సెక్యూర్ రోల్‌బ్యాక్ ప్రివెన్షన్ అని సెట్టింగ్ ఉంటుంది. అప్‌డేట్‌కు ముందే అది ఎలా ఉందో చూసుకోవడం మంచిది.

వేసే పద్ధతుల్లో ఏది మేలంటే, డెస్క్‌టాప్ బోర్డుకు బయోస్ స్క్రీన్‌లోనే ఉండే టూల్. విండోస్ లోపలి నుంచి వేయడం నాకు నచ్చదు. వెనక వంద ప్రోగ్రాములు నడుస్తుండగా, ఏది వేలాడినా మూల్యం చెల్లించేది బోర్డే. ఫ్లాష్‌బ్యాక్ బటన్‌ను కష్టకాలానికి ఉంచుకుంటాను.

వేసే ముందు రెండు పనులు మాత్రం తప్పనిసరి. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేయండి. ఫర్మ్‌వేర్ మారగానే, ఆ తాళం చెవిని కాపాడే టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ దాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంది, కీ అడుగుతుంది. ఇక బయోస్‌లో మీరు మార్చుకున్న పేజీలన్నీ ఫోన్‌తో ఫోటోలు తీయండి. సేవ్ చేసిన ప్రొఫైల్ కొత్త వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు. ముఖ్యంగా స్టోరేజ్ మోడ్, అంటే డిస్క్‌లతో బోర్డు మాట్లాడే పద్ధతి (రెయిడ్, ఏహెచ్‌సీఐ అని ఉంటాయి). అది రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మారిపోతే విండోస్ బూట్ కాదు, డిస్క్ పోయిందనుకుని హడలిపోతారు.

మా డెస్క్‌టాప్‌కు మొన్న అప్‌డేట్ వేశాను. ప్రోగ్రెస్ బార్ నిండింది, రీస్టార్ట్ అయింది, ఆ తర్వాత స్క్రీన్ చీకటి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బోర్డు మీద డీర్యామ్ (ర్యామ్) అనే పేరు పక్కన నారింజ లైటు వెలుగుతోంది. ఒక నిమిషం, రెండు, మూడు. చేయి పవర్ బటన్ దాకా వెళ్లింది. డీడీఆర్5 ర్యామ్ కొత్త బయోస్‌తో మొదటిసారి ట్రైనింగ్ అయ్యేటప్పుడు, అంటే బోర్డు దాని వేగాన్ని సరిచూసుకునేటప్పుడు, ఇలాగే నిమిషాలు పడుతుందని తెలిసీ చేయి ఆగలేదు. కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాను. నాలుగో నిమిషం దాటాక లైటు ఆరింది, స్క్రీన్ వచ్చింది.

ఆ పాత ల్యాప్‌టాప్ మాత్రం ఇప్పటికీ అదే వెర్షన్ మీద ఉంది. వోల్టేజ్ తగ్గించే దారి లేదు కనుక పవర్ లిమిట్‌ను 45 వాట్ల నుంచి 35కి దించాను. ఎడిటింగ్ కొంచెం ఆలస్యమవుతోంది, ఫ్యాన్ హోరు మాత్రం పక్క గదిదాకా పోవడం లేదు.