మైనపు కాగితమా, తడి గాజు పలకా?

1850లలో గుడినో చర్చినో ఫొటో తీయాలంటే ప్రధానంగా రెండు దారులు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే పద్ధతిలో కాగితానికి ముందే మైనం పట్టించి, అయొడైడ్ ద్రావణంలో నానబెట్టి, సిల్వర్ నైట్రేట్‌లో తడిపి ఆరబెడతారు. అది రోజుల తరబడి నిలవ ఉంటుంది, బసకు చేరాక తీరిగ్గా డెవలప్ చేసుకోవచ్చు. ఎక్స్‌పోజర్‌కు, అంటే కెమెరాలో దానిపై వెలుతురు పడనివ్వడానికి, మాత్రం నిమిషాలు పడుతుంది. కట్టడం కదలదు కాబట్టి ఇబ్బంది లేదు. ముందు నడిచిపోయేవాళ్లే మాయమవుతారు.

1851లో ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ (జిగురులాంటి ద్రావణం) పద్ధతికి సెకన్లు చాలు. కానీ గాజు పలకపై కొలోడియన్ పోసి, నాలుగు మూలలకూ పారేలా వంచి, వెండి ద్రావణంలో ముంచి, తడిగా ఉండగానే ఫొటో తీసి, సుమారు పది నిమిషాల్లో డెవలపింగ్ కూడా ముగించాలి. మన ఎండల్లో ఆ గడువూ ఉండదు. పొర ఎండితే డెవలపర్ లోపలికి దిగదు, మచ్చలు పడతాయి. అందుకే చీకటి గుడారం, నీళ్లు, బరువైన గాజు వెంట మోయాల్సిందే.

అయినా ఉలి గాటు కూడా లెక్కపెట్టగలిగే స్పష్టత గాజుదే. కాగితంలో నారల వల్ల అంచులు మెత్తబడతాయి. శాసనాలకు గాజు, దూర ప్రయాణానికి కాగితం మేలు. రెండూ నీలికాంతికే ఎక్కువ స్పందిస్తాయి కనుక ఆకాశం వెలవెలబోతుంది. అందుకే 1855లో బర్మా వెళ్లిన బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ లిన్నియస్ ట్రైప్ తన కాగితపు నెగెటివ్‌లపై మబ్బుల్ని రంగుతో దిద్దుకున్నాడు.