న్యూజిలాండ్ దక్షిణ దీవికి అద్దె మోటార్‌హోమ్: ఇద్దరికి రెండు బెర్తుల బండి చాలు

క్రైస్ట్‌చర్చ్‌లో అద్దెకు దొరికే మోటార్‌హోమ్‌లు, అంటే లోపలే పడుకుని వండుకునే వీలున్న బండ్లు, ముఖ్యంగా మూడు రకాలు. వెనక పరుపు వేసుకునే చిన్న వ్యాను, టాయిలెట్టూ షవరూ ఉన్న రెండు బెర్తుల బండి, ఆరుగురు పడుకునే పెద్దది. ఇద్దరే వెళ్తుంటే మధ్యదానికి మించింది లేదు. స్ప్రింటర్ లాంటి వ్యాను మీద కట్టిన ఈ బండి దాదాపు 7 మీటర్ల పొడవుంటుంది. ఊళ్లో ఆపుకోవడానికి అంత ఇబ్బంది పెట్టదు, ఘాట్‌లో ఎదురుగాలికి పెద్ద బండి ఊగినట్టు ఊగదు.

చిన్న వ్యాను అద్దె తక్కువని బుక్ చేసేముందు ఒకటి చూసుకోవాలి. 2023లో చట్టం మారింది. కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) స్థలాల్లో డబ్బు కట్టకుండా రాత్రి ఆగాలంటే, కౌన్సిల్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, బండికి సెల్ఫ్ కంటెయిన్డ్ (నీళ్లు, వ్యర్థాలు బండిలోనే ఉంచుకోగలదన్న) గుర్తింపు ఉండాలి. అందుకు టాయిలెట్ బండికి బిగించే ఉండాలి, మంచం పరిచాక కూడా వాడుకునేలా ఉండాలి. మంచం కింద తోసే ప్లాస్టిక్ డబ్బా టాయిలెట్ కొత్త లెక్కలో చెల్లదు. అద్దం మీద ఆకుపచ్చ కార్డు ఉందో లేదో తాళాలు తీసుకునేటప్పుడే చూడండి.

చాలామంది పొరబడేది కరెంటు దగ్గర. లైట్లు, ఫ్రిజ్, నీళ్ల పంపు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. అది బండి నడుస్తుంటే చార్జ్ అవుతుంది. మైక్రోవేవ్, గోడ సాకెట్లు మాత్రం క్యాంపుసైటులో పవర్ కేబుల్ తగిలించినప్పుడే పనిచేస్తాయి. అంటే రైస్ కుక్కర్ తీసుకెళ్తే అది కేబుల్ తగిలించిన రోజుల్లోనే పనికొస్తుంది. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ నయం, గ్యాస్ బర్నర్ మీద కుదురుగా కూర్చుంటుంది. తాలింపు వేసేముందు పైకప్పు కిటికీ ఎత్తి, పొయ్యి పైన ఫ్యాన్ వేయండి. ఎండుమిర్చి ఘాటుకు స్మోక్ అలారం మోగడం ఒక ఎత్తు, పక్కనే ఉన్న దుప్పట్లకు పట్టిన వాసన ప్రయాణమంతా వదలకపోవడం ఇంకో ఎత్తు. తేనె, పచ్చి కరివేపాకు మాత్రం పెట్టుకోవద్దు. మిగతా తిండి సామాను ఏదున్నా విమానాశ్రయంలో ఫారంలో రాసి చూపించాలి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు కట్టాలి.

టాయిలెట్ క్యాసెట్, అంటే మలమూత్రాలు చేరే, బయటకు లాగి తీసే డబ్బా, 18 లీటర్ల దాకా పడుతుంది, ఇద్దరికి రెండు రోజులు వస్తుంది. దాన్ని బయటకు లాగేముందు లోపలి పలకను మూసేయాలి. అది తెరిచి ఉంటే క్యాసెట్ బయటకు రాదు, బలంగా లాగితే లాక్ విరుగుతుంది. క్యాసెట్ ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లో గొట్టం మూత తీసి వంచేటప్పుడు, గాలి బటన్‌ను బొటనవేలితో నొక్కి పట్టండి. నొక్కకపోతే గుటగుటమని మీదకే చిందుతుంది. కడిగాక కొంచెం నీళ్లు, కెమికల్ పోసి తిరిగి పెట్టాలి. అక్కడుండే రెండు కుళాయిల్లో ఏది తాగే నీళ్లదో బోర్డు చదివి తెలుసుకోండి. క్యాసెట్ కడిగే గొట్టంతో ట్యాంకు నింపితే రోగాలను కోరి తెచ్చుకున్నట్టే.

దారి విషయానికొస్తే, క్రైస్ట్‌చర్చ్, టెకాపో, అవోరాకి మౌంట్ కుక్, లిండిస్ పాస్ మీదుగా వనాకా, హాస్ట్, ఫాక్స్ గ్లేసియర్, హోకిటికా, ఆర్థర్స్ పాస్, మళ్లీ క్రైస్ట్‌చర్చ్. ఇది పది రోజులకు సరైన చుట్టు, వారంలో చేస్తే డ్రైవింగే మిగులుతుంది. రోజుకు 200 కిలోమీటర్లు దాటొద్దు. ఫోన్ మ్యాపు చూపే సమయం కారుకు, దానికి పావు వంతు కలపండి. మౌంట్ కుక్ కింద వైట్ హార్స్ హిల్ క్యాంపుసైటులో కరెంటు లేదు, కాబట్టి ముందు రాత్రి టెకాపోలోనో ట్విజెల్‌లోనో పవర్ సైటు (కరెంటు ఉన్న చోటు) తీసుకుని బ్యాటరీ నింపి, క్యాసెట్ ఖాళీ చేసి వెళ్లండి. అక్కడి గాలి సంగతి ముందే తెలిసుండాలి. తలుపును చేత్తో పట్టుకోకుండా తీస్తే మడతబందులు వంగిపోతాయి, దానికి బీమా కూడా చాలాసార్లు వర్తించదు.

హాస్ట్‌లో డీజిల్ నింపకుండా కదలొద్దు, ఫాక్స్ 120 కిలోమీటర్లు. ఈ తీరంలో ఒంటి వరుస వంతెనలు చాలా ఉన్నాయి. గుండ్రటి బోర్డు మీద చిన్న ఎర్ర బాణం మీ వైపుదైతే ఆగి ఎదుటి బండికి దారివ్వాలి. సాయంత్రాలు శాండ్‌ఫ్లై ఈగలు కుడతాయి, దోమతెర తలుపు మూసే ఉంచండి. ఆర్థర్స్ పాస్‌లో కియా చిలకలు కిటికీ రబ్బరు పీకేస్తాయి, వాటికి తిండి పెట్టకండి, బండిని వదిలి దూరం పోకండి.

ఇక డబ్బు. రోజు అద్దె చూసి మురిసిపోవద్దు. ప్రాథమిక బీమాలో మీరు భరించాల్సిన మొత్తం వేల డాలర్లలో ఉంటుంది. అదనంగా కట్టి తగ్గించుకున్నా పైకప్పు, అడుగుభాగం దెబ్బలు చాలా ఒప్పందాల్లో మినహాయింపే. ఈ రెండింటినీ చేర్చే ప్యాకేజీ దొరికితే ఖరీదైనా అదే తీసుకోండి, ఎందుకంటే ఎత్తు మరచి పార్కింగ్ అడ్డకమ్మీ కిందికి దూరేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. స్కిపర్స్ రోడ్డు, బాల్ హట్ రోడ్డు లాంటి కొండ కంకర రోడ్లలో తిరిగితే బీమా సాధారణంగా చెల్లదు. డీజిల్ బండికి రోడ్డు పన్ను కిలోమీటర్ల లెక్కన విడిగా పడుతుంది, బండి అప్పగించేటప్పుడు కట్టించుకుంటారు. పంపు ధర చవగ్గా కనిపించడానికి కారణమదే.

పిల్లలతో వెళ్లేవాళ్లు పెద్ద బండికి వెళ్లక తప్పదు. బెర్తులెన్ని అని కాదు, చైల్డ్ సీటు బిగించగల సీట్లెన్ని అని అడగండి. అవి కొన్నే ఉంటాయి, ఏడేళ్లు నిండని పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. ఆ బండిలో బల్ల మడిచి రోజూ రాత్రి మంచం చేయడం, పొద్దున్నే తీయడం కూడా లెక్కలో వేసుకోండి.

బండి తీసుకునేటప్పుడు గంటన్నర కేటాయించి అద్దం, పైకప్పు అంచులు, టైర్లు వీడియో తీయండి. తిరిగిచ్చే రోజు డీజిల్ నింపి, వాడేసిన నీళ్ల ట్యాంకూ క్యాసెట్టూ ఖాళీ చేసి ఇవ్వాలి, లేకపోతే శుభ్రం చేసిన ఖర్చు మీ కార్డు మీదే పడుతుంది.