చేతి జీపీఎస్‌తో ఎనిమిదేళ్లు

ఉపగ్రహాల సిగ్నల్ అందుకుని మనం ఎక్కడున్నామో చూపించే ఈ చేతి జీపీఎస్‌ను 2017లో కొన్నాను. గుప్పిట్లో పట్టేంత పెట్టె. గోడ గడియారంలో వేసే సెల్సే ఇందులోనూ రెండు వేయాలి. తెర 2.2 అంగుళాలు, టచ్ లేదు, బొత్తాలూ బొటనవేలితో తిప్పే చిన్న పుల్లా, అంతే. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ ఇప్పుడు దుకాణాల్లో లేదు, పైగా నేను చెప్పే మంచీ చెడ్డా చాలావరకు ఈ రకం పరికరాలన్నిటికీ వర్తించేవే.

చూసిన ప్రతివాడూ అడిగేది ఒకటే: "చేతిలో ఫోన్ ఉండగా ఇదెందుకన్నా?" న్యాయమైన ప్రశ్నే. టవర్ అందని చోట ఫోన్ జీపీఎస్ పనిచెయ్యదని కొందరు అంటుంటారు, అది తప్పు. మ్యాప్ ముందే దించుకుంటే ఫోన్ కూడా ఉపగ్రహాల నుంచే చోటు లెక్కగట్టుకుంటుంది. ఏడాదికి ఒకటి రెండు ట్రెక్కులు, అవీ గైడ్ వెంట చేసేవాళ్లకు ఫోన్, పవర్ బ్యాంకు చాలు. ఈ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి.

నాకు తేడా తెలిసింది శేషాచలంలో, ఏప్రిల్ ఎండలో. అటవీ శాఖ అనుమతితో వెళ్లాం. మధ్యాహ్నం పన్నెండింటికి బండ మీద నిలబడితే ఫోన్ తెరలో నా మొహం తప్ప ఇంకేమీ కనిపించలేదు. చెమట వేళ్లతో నొక్కితే మ్యాప్ ఎటో జారిపోయింది. కాసేపటికి ఫోన్ వేడెక్కి తనంతట తనే వెలుగు తగ్గించేసుకుంది. ఈ పెట్టె తెర అలా కాదు. ఎండ పడేకొద్దీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, లైటు వెయ్యాల్సిన పనే లేదు. రంగులు మాత్రం పాతకాలం వీడియో గేమ్‌లా ఉంటాయి.

బ్యాటరీ 25 గంటలొస్తుందని డబ్బా మీద ఉంది. దిక్సూచి ఆన్‌లో పెట్టి, మాటిమాటికీ తెర చూస్తూ నడిస్తే నాకు వచ్చేది పద్దెనిమిది, ఇరవై. అదీ తక్కువేం కాదు, రెండు పగళ్లు నడుస్తుంది. రీఛార్జ్ సెల్స్ వాడేవాళ్లు సెట్టింగుల్లో సెల్ రకం మార్చడం మర్చిపోకండి. వాటి వోల్టేజీ 1.2, మామూలు వాటిది 1.5. మార్చకపోతే నిండు సెల్స్ వేసినా సగమే ఉన్నట్టు చూపిస్తుంది. మొదటి ఏడాది అది తెలియక నాలుగు మంచి సెల్స్ పారేశాను. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠా మంచులో మామూలు సెల్స్ పొద్దున్నే చేతులెత్తేశాయి. అక్కడికి లిథియం సెల్సే తీసుకెళ్లాలి. ఖరీదెక్కువే, కానీ చలికి తట్టుకుంటాయి.

పెట్టెతో పాటు వచ్చే మ్యాప్‌ను నమ్ముకోవద్దు. నా దాంట్లో మన దేశం అంటే నాలుగు హైవేలు, పది ఊళ్లు. జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారుచేసిన ఉచిత మ్యాపులు మెమరీ కార్డులో వేసుకున్నాకే ఇది పనికొచ్చే వస్తువైంది. వాగులు, కాలిబాటలు, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఎత్తుగీతలు చాలా చోట్ల ఉన్నాయి, కొన్ని కోనల్లో మాత్రం ఏమీ లేదు, తెల్లగా ఉంటుంది.

ఇక నా పరువు పోయిన సంగతి. ఒక గుండం ఎక్కడుందో స్నేహితుడు ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాల అంకెలు చెప్పాడు: 13 డిగ్రీల 45 నిమిషాల 40 సెకన్లు ఉత్తరం, ఆ వెనకే తూర్పు అంకెలు. పెట్టె మాత్రం డిగ్రీలు, నిమిషాలు, నిమిషాల్లో దశాంశం అడిగే పద్ధతిలో ఉంది. నేను చూసుకోకుండా 45.40 అని కొట్టేశాను. నిమిషంలో .40 అంటే 24 సెకన్లే. పదహారు సెకన్లు తేడా. ఉత్తర దక్షిణాల్లో ఒక్కో సెకను దాదాపు 31 మీటర్లు, అంటే అర కిలోమీటరు పక్కకు.

మాతో వచ్చిన అటవీ శాఖ వాచర్ తెర మీద గుండం వైపు చూపించే బాణం గుర్తు చూసి, "ఏంది సార్ మీ మిషన్ ఇట్ల చూపిస్తా ఉంది? గుండం ఆ పక్క కదా" అన్నాడు.

"లేదన్నా, ఉపగ్రహం లెక్క. తప్పదు" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

నలభై నిమిషాలు కంపల్లో పాకాక ఎదురొచ్చింది ఒట్టి రాతిగోడ. ఆయన ఏమీ అనలేదు. నవ్వు దాచుకోవడానికి బీడీ వెలిగించుకుందామని జేబులో చెయ్యి పెట్టి, ఎండాకాలం అడవి గుర్తొచ్చి మళ్లీ తీసేశాడు. అప్పట్నుంచి ఎవరు అంకెలు చెప్పినా "సెకన్లా, దశాంశమా?" అని అడిగాకే రాసుకుంటున్నాను.

బాణం గుర్తుతో ఇంకో తంటా ఉంది. అది చూపించేది కాకి ఎగిరే దూరం. 600 మీటర్లే అంటుంది, మధ్యలో కోన ఉందని చెప్పదు. దిగి ఎక్కేసరికి పొద్దు గూకుతుంది. ఇరుకు కోనల్లో అయితే సిగ్నల్ రాతిగోడలకు తగిలి తిరిగొస్తుంది, అప్పుడు మనం నడిచిన దారిని పెట్టె గీసుకునే జాడ కోడి కెలికినట్టు తయారవుతుంది. ఒకసారి గుండం పక్కన గంటసేపు కూర్చుని పులిహోర తిన్నాం. లేచేసరికి మేము ముక్కాలు కిలోమీటరు నడిచామని లెక్క వేసింది.

ఎత్తు చూపించేది గాలి పీడనాన్ని బట్టి. పీడనం ఒక్క మిల్లీబార్ తగ్గితే దాదాపు 8 మీటర్లు పైకెక్కామనుకుంటుంది. మన ప్రాంతంలో ఏ వానా లేకపోయినా పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటికి పీడనం మూడు మిల్లీబార్ల దాకా పడుతుంది. కదలకుండా కూర్చున్నా పాతిక మీటర్లు ఎక్కేశామంటుందన్నమాట. ఎత్తు తెలిసిన చోట ఆగి సరిచేసుకోవాలి. నేను సగం సార్లు బద్ధకించి వదిలేస్తాను.

అమెరికాలో ఉన్న చుట్టాలతో తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. సిగ్నల్ అందుకోవడం తప్ప పంపని ఇలాంటి పెట్టెలతో పేచీ లేదు. ఉపగ్రహం ద్వారా మెసేజీలు పంపే రకం మాత్రం టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలోకి తేకూడదు. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా మహిళను ఇందుకే ఆపేశారు. నా పెట్టెను కూడా సెక్యూరిటీ వాళ్లు రెండుసార్లు బయటికి తీయించారు. "పంపదు సార్, అందుకుంటుందంతే" అని వివరించాల్సి వచ్చింది.

ఐదో ఏడు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఊడింది. జిగురు వేసినా నిలవలేదు. సైకిల్ ట్యూబు ముక్క కోసి తొడిగాను, ఇప్పుడు పట్టు ఇంకా బాగుంది. వాగులో ఒకసారి పడింది, తుడిచి వాడుకున్నాను.

ఇన్ని చెప్పి కూడా దీన్ని ఇంట్లో వదిలి బయల్దేరను. కారణం ఒకటే, వచ్చిన జాడను వెనక్కి చూపించడం. బోద గడ్డి నడుములోతు పెరిగినచోట, చీకటి పడ్డాక, తలకు కట్టుకున్న లైటు వెలుగులో పొద్దున నడిచిన గీత మీదే అడుగు వేసుకుంటూ మూడుసార్లు బయటపడ్డాను. మోటారుసైకిల్ దిగగానే చేసే మొదటి పని ఆ చోటును పెట్టెలో గుర్తుగా దాచుకోవడం. దీంట్లో తెలుగు అక్షరాలు లేవు, ఇంగ్లీషు అక్షరాలతోనే "బండి" అని కొడతాను. జాబితాలో ఇప్పుడు బండి 1 నుంచి బండి 63 దాకా ఉన్నాయి. మా ఆవిడ వాటిని చూసి, "ఇన్ని బండ్లెప్పుడు కొన్నారండీ?" అని అడిగింది.