రోజూ ఆఫీసుకు, వారాంతాల్లో మంచు కొండకు: ఒకే కారుకు ఏ టైర్లు?

టైర్లు కొనడానికి వెళ్తే ముందు అడిగే మాట ఒకటే: "ఏడాదిలో ఎన్నిసార్లు మంచులోకి వెళ్తారు?" ఈ లెక్కతో సగమే తేలుతుంది. చలికాలంలో పొద్దున ఆఫీసుకు బయల్దేరే వేళకు ఎంత చలి ఉంటుంది? కొండ దిగేటప్పుడు చక్రాల కింద ఉండేది మెత్తటి మంచా, గాజులా గట్టిపడిన ఐసా? ఏ టైరు కొనాలో తేల్చేది ఈ రెండూ. కొండ ఎక్కలేకపోతే ఆగిపోతాం, అంతే. దిగేటప్పుడు ఆగలేకపోతేనే ప్రమాదం. అందుకే ఇక్కడ ప్రతి టైరునూ బ్రేకు వేసినప్పుడు ఎలా ఉంటుందన్న దాన్ని బట్టే తూచాం.

మొదట టైరు పక్కగోడ మీది గుర్తులు. "ఎం ప్లస్ ఎస్" అంటే బురద, మంచు. ట్రెడ్ (రోడ్డును తాకే రబ్బరు ముఖం) గాడుల ఆకారాన్ని బట్టి తయారీదారు తనంతట తాను వేసుకునే గుర్తు ఇది. దీని వెనక మంచులో చేసిన పరీక్ష ఏదీ ఉండదు. మామూలు ఆల్ సీజన్ టైర్లలో చాలావాటికి ఉండేది ఇదొక్కటే. రెండోది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు. 1999లో వచ్చిన ఈ గుర్తు కావాలంటే, అణిగిన మంచు మీద ఒక ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపాలి. కాకపోతే ఉత్తర అమెరికాలో ఆ పరీక్ష కొలిచేది ముందుకు లాగే పట్టునే. బ్రేకు, మలుపు, ఐసు అందులో లేవు. కాబట్టి కొండ గుర్తుండి ఏడాదంతా వాడుకునే ఆల్ వెదర్ టైరూ, అదే గుర్తున్న అసలు వింటర్ టైరూ మంచులో దగ్గరదగ్గరగా కనిపించినా ఐసు మీద చాలా దూరంగా ఉంటాయి. యూరప్‌లో 2021 మే నుంచి అమలైన కొత్త లేబుల్ మీద ఐసు పట్టుకు విడిగా ఒక బొమ్మ ఉంది. అది ఉన్న టైరు దొరికితే కొండ దారికి దాన్నే ముందు చూడండి.

తేడా ఎందుకొస్తుందంటే మొదటి కారణం రబ్బరు. వేసవి వేడికి అరిగిపోకుండా కలిపిన రబ్బరు చలికి బిగుసుకుంటుంది. 7 డిగ్రీల సెల్సియస్ అని అందరూ చెప్పే గీత దగ్గర ఏదో ఒక్కసారిగా మారిపోదు. అక్కడినుంచి కిందికి పోయేకొద్దీ మామూలు టైరు పట్టు తగ్గుతూ పోతుంది. రోడ్డు పొడిగా ఉన్నా సరే, మంచు చుక్క కూడా లేకపోయినా సరే. వింటర్ టైరు రబ్బరు అంత చలిలోనూ మెత్తగా ఉండి రోడ్డు గరుకులోకి దిగుతుంది. రెండో కారణం ట్రెడ్ దిమ్మల మీద ఉండే వందలాది సన్నటి చీలికలు. వాటి అంచులు మంచును కొరుకుతాయి, గాడులు మంచును పట్టి ఉంచుతాయి. ఇది కొందరికి వింతగా అనిపించవచ్చు గానీ గాడుల్లో మంచు నిండటం మంచిదే. మంచుకు రబ్బరు కంటే మంచే బాగా అంటుకుంటుంది.

ఐసు సంగతి వేరు. అది అన్నింటికంటే జారేది సున్నా డిగ్రీల దగ్గర, పైన సన్నటి నీటి పొర ఏర్పడినప్పుడు. మైనస్ 15లో అదే ఐసు కాస్త నయం. మధ్యాహ్నం ఎండకు కరిగి సాయంత్రానికి మళ్లీ గడ్డకట్టే కొండ మలుపులు అంత చెడ్డవి కావడానికి కారణం ఇదే.

ఇవి ఎంత తేడా తెస్తాయో చిన్న లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే, ఘర్షణ గుణకం (రోడ్డు మీద టైరు పట్టుకు కొలత, ఎంత తగ్గితే అంత జారుడు) 0.8 ఉన్న పొడి రోడ్డు మీద కారు సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. 0.3 ఉంటే 33 మీటర్లు. 0.2 ఉంటే 49. గుణకం 0.1కి పడిపోయే ఐసు మీద 98 మీటర్లు. మీరు స్పందించడానికి పట్టే సమయం ఇందులో లేదు, ఇది చదునైన రోడ్డు లెక్క. దిగుడులో ఇంకా ఎక్కువ. 0.2కీ 0.3కీ మధ్య తేడా కాగితం మీద చిన్నదే, రోడ్డు మీద మూడు నాలుగు కార్ల పొడవు. మంచి టైరుకు పెట్టే డబ్బు ఆ పొడవు కోసమే.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కారు ఉంది కదా అనుకునేవాళ్లకు ఒక మాట. ఆ ఏర్పాటు కారును కదిలించడానికి పనికొస్తుంది. ఆపడానికి, తిప్పడానికి దానితో ఒరిగేదేమీ లేదు, బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాల మీదే ఉంటాయి. పైగా అలాంటి కారు సులువుగా వేగం అందుకుంటుంది, రోడ్డు ఎంత జారుగా ఉందో ఎక్కేటప్పుడు తెలియనివ్వదు. మంచి వింటర్ టైర్లుండి ముందు చక్రాలకే బలం అందే కారు, అరిగిన ఆల్ సీజన్ టైర్లుండి నాలుగు చక్రాలకూ బలం అందే కారు కంటే కొండ దిగడంలో మెరుగు.

ఇక టైర్ల విషయానికి వద్దాం.

మామూలు ఆల్ సీజన్‌లో మంచి ఉదాహరణ కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్. పొడి, తడి రోడ్ల మీద స్టీరింగు చురుగ్గా ఉంటుంది, శబ్దం తక్కువ. ట్రెడ్ మీద డి, డబ్ల్యూ, ఎస్ అని ఇంగ్లిష్ అక్షరాలు చెక్కి ఉంటాయి: పొడి, తడి, మంచు. అరుగుతున్నకొద్దీ ముందు ఎస్ చెరిగిపోతుంది, అంటే ఇక దీన్ని మంచులోకి తీసుకెళ్లవద్దని. ప్రతి కంపెనీ చేయాల్సిన పని ఇది. కానీ దీనికి కొండ గుర్తు లేదు. మంచు పడ్డ పూట ఊళ్లో జాగ్రత్తగా ఇల్లు చేరడానికి సరిపోతుంది. కొండ ప్రయాణమే ఉద్దేశమైతే దీన్ని కొనకండి.

ఆల్ వెదర్ రకంలో ముందుగా చూడాల్సింది మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2. ఏడాదంతా ఉంచుకోవచ్చు, కొండ గుర్తుంది. బాణం మొనలాంటి ట్రెడ్ అణిగిన మంచులోనూ, తడి చలిలోనూ నమ్మకంగా ఆపుతుంది. ఉత్తర అమెరికాలో 60,000 మైళ్ల, అంటే సుమారు 96,000 కిలోమీటర్ల అరుగుదల వారంటీ ఇస్తున్నారు. లోపాలూ ఉన్నాయి. అరిగేకొద్దీ గుయ్యిమనే మోత పెరుగుతుంది. ట్రెడ్‌కు దిశ ఉంది కాబట్టి చక్రాలను ముందుకూ వెనక్కూ మాత్రమే మార్చుకోగలం, ఎడమవైపువి కుడివైపు వేయాలంటే రిమ్ము నుంచి ఊడదీయాలి. బిగించాక పక్కగోడ మీది బాణం చక్రం తిరిగే వైపే ఉందో లేదో నాలుగింటికీ చూసుకోండి. షాపుల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే. తడి ఐసు మీద మాత్రం ఇది వింటర్ టైరుకు సాటి రాదు.

అసలు వింటర్ టైర్లలో రెండు జాతులున్నాయి. చాలామంది కొనుగోలుదారులకు ఈ తేడా ఎవరూ చెప్పరు. ఒకటి మేకులు లేకుండానే ఐసును పట్టేలా చేసిన మెత్తటి నార్డిక్ రకం. రెండోది ఆల్పైన్ రకం. మిషెలిన్ పైలట్ ఆల్పిన్ 5 లాంటివి ఈ కోవకు చెందుతాయి. వారంలో ఐదు రోజులు హైవే మీద, మంచు తీసేసిన తడి చలి రోడ్డు మీద వేగంగా పోయేవాళ్లకు ఆల్పైన్ రకమే నప్పుతుంది. స్టీరింగు మెత్తబడదు, వర్షంలో బ్రేకు బాగా పడుతుంది. ఐసు మీద నార్డిక్ రకం కంటే ఒక మెట్టు కింద. టైరు తట్టుకునే గరిష్ఠ వేగాన్ని గంటకు కిలోమీటర్లలో చెప్పే వేగ అక్షరం చూస్తే చాలావరకు రకం తెలిసిపోతుంది. క్యూ (160), ఆర్ (170), టి (190) ఎక్కువగా నార్డిక్‌లో, హెచ్ (210), వి (240) ఎక్కువగా ఆల్పైన్‌లో కనిపిస్తాయి.

నార్డిక్ రకంలో రెండింటిని పోల్చవచ్చు. బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ డబ్ల్యూఎస్ వరుస రబ్బరులో సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. అవి ఐసు మీది నీటి పొరను పీల్చుకుంటాయి. కొత్తగా ఉన్నప్పుడు ఐసు మీద దీన్ని మించినవి తక్కువ. కానీ ఆ ప్రత్యేక రబ్బరు ట్రెడ్ పై భాగానికే పరిమితం, సుమారు సగం అరిగాక కింద ఉండేది మామూలు వింటర్ రబ్బరు. కాబట్టి దాని ఆయుష్షును సగం ట్రెడ్‌గానే లెక్కేసుకోండి. మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నోకు 40,000 మైళ్ల వారంటీ ఉంది, సుమారు 64,000 కిలోమీటర్లు. ఐసు మీద బ్లిజాక్‌కు దగ్గరగానే నిలుస్తుంది. రోజూ దూరం పోయి వచ్చేవాళ్లకు మా ఎంపిక ఎక్స్-ఐస్ స్నో. తక్కువ దూరాలు, ఎక్కువ ఐసు అయితే బ్లిజాక్.

మరి ఎవరికి ఏది? చలికాలం పొద్దున్నలు ఎక్కువగా 7 డిగ్రీలకు పైనే ఉండి, కొండకు నెలకోసారి, అదీ వాతావరణం చూసుకుని వెళ్లేవాళ్లకు ఆల్ వెదర్ టైర్లు, డిక్కీలో టైర్లకు చుట్టే మంచు గొలుసులు చాలు. అక్కడ నార్డిక్ టైరు వేస్తే నష్టమే. వెచ్చటి తడి రోడ్డు మీద అది ఎక్కువ దూరం జారి ఆగుతుంది, త్వరగా అరుగుతుంది. మూడు నాలుగు నెలలు గడ్డకట్టే చలి, ప్రతి వారాంతం కొండ అయితే విడి రిమ్ముల మీద వింటర్ సెట్టు తప్పదు.

ఖర్చు విషయంలో ఒక అపోహ ఉంది. రెండు సెట్లంటే రెట్టింపు ఖర్చు కాదు, ఒకటి తిరుగుతున్నప్పుడు రెండోది అరగదు. అదనపు ఖర్చు రిమ్ములదీ, మార్పించే కూలిదీ. అయితే ఏడాదికి 8,000 కిలోమీటర్లే నడిపేవాళ్ల లెక్క వేరు. అందులో చలికాలానికి 3,000 అనుకుంటే, 40,000 నడిచే వింటర్ సెట్టు అరగడానికి 13 ఏళ్లు పడుతుంది. రబ్బరు అంతకు చాలా ముందే గట్టిపడిపోతుంది, ఐసు మీద దాని పనే మెత్తదనం కదా. తక్కువ నడిపేవాళ్లు ఆల్ వెదర్ వైపు మొగ్గడానికి ఇది బలమైన కారణం. కొనేటప్పుడు పక్కగోడ మీది నాలుగు అంకెలు చూడండి. 3524 అంటే 2024లో 35వ వారం తయారీ.

నాలుగూ ఒకే రకం ఉండాలి. ఇందులో బేరం లేదు. ముందు చక్రాలకే బలం అందే కారుకు ముందు రెండే వింటర్ టైర్లు వేస్తే, దిగుడు మలుపులో ముందు భాగం పట్టుకుంటుంది, వెనక భాగం జారి కారు గిరుక్కున తిరుగుతుంది. నాలుగూ పాతవి ఉండటం కంటే కూడా ఇది ప్రమాదం.

వింటర్ సెట్టుకు రిమ్ము ఒక అంగుళం తగ్గించడం మంచి పద్ధతి. ఉదాహరణకు 235/45 ఆర్ 18 బదులు 215/55 ఆర్ 17 (వరుసగా మిల్లీమీటర్లలో వెడల్పు, అందులో శాతంగా పక్కగోడ ఎత్తు, అంగుళాల్లో రిమ్ము). మొదటి దాని వ్యాసం 668.7 మిల్లీమీటర్లు, రెండోది 668.3, స్పీడోమీటరుకు తేడా తెలియదు. సన్నటి టైరు మంచును, బురద మంచును కోసుకుంటూ పోతుంది, ఎత్తైన పక్కగోడ గుంతల దెబ్బ తట్టుకుంటుంది. కానీ 17 అంగుళాల రిమ్ములో బ్రేకు కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పడుతుందా, మధ్య రంధ్రం హబ్బుకు (చక్రం బిగించే ఇరుసు భాగం) సరిపోతుందా, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును తెలిపే సంఖ్య) కారు పుస్తకంలో ఉన్నదానికి తగ్గలేదా అన్నవి చూశాకే డబ్బు కట్టండి. 94 అంటే టైరుకు 670 కిలోలు. కొత్త రిమ్ములకు పాత నట్లు పనికిరాకపోవచ్చు, శంఖం ఆకారపు సీటులో గుండ్రటి నట్టు బిగిస్తే అది వదులవుతుంది. హబ్బు మీది తుప్పును వైరు బ్రష్‌తో గీకి, పుస్తకంలో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. గాలి ఒత్తిడి సెన్సార్లు రెండో సెట్టుకూ కావాలి, లేదంటే చలికాలమంతా డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతూనే ఉంటుంది. అసలు గాలి తగ్గిన రోజున ఆ దీపాన్ని మీరు నమ్మరు.

గాలి ఉష్ణోగ్రత 5 నుంచి 6 డిగ్రీలు పడితే టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. 20 డిగ్రీల గ్యారేజీలో 33 నింపితే మైనస్ 10లో బయట దాదాపు 28 మిగులుతుంది. బండి కదలకముందు, బయటి చలిలో కొలవండి. మంచులో పట్టు కోసం గాలి తగ్గించమనే సలహా రోడ్డు మీద నడిచే కారుకు వర్తించదు. ట్రెడ్ లోతు చట్టం దృష్టిలో చాలాచోట్ల 1.6 మిల్లీమీటర్లు. మంచుకు మాత్రం లోతు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు వింటర్ టైరు కాదు.

గొలుసులు ఏ టైరుతోనైనా డిక్కీలో ఉండాలి. కొన్ని కనుమ దారుల్లో మంచు తుపాను వేళ కొండ గుర్తున్న టైర్లున్నా అవి అడుగుతారు. కొన్ని కార్ల పుస్తకాలు పెద్ద రిమ్ములకు గొలుసులు వద్దంటాయి, లోపలివైపు సందు చాలదు. రిమ్ము తగ్గించడానికి ఇది ఇంకో కారణం. ఇంజను బలం అందే చక్రాలకు వేయాలి, నాలుగు చక్రాలకూ బలం అందే కారైతే పుస్తకం ఏ జత చెబితే ఆ జతకు. ఇంటి దగ్గర పొడి నేల మీద, చేతి తొడుగులు వేసుకుని రెండుసార్లు బిగించి చూడండి. చీకట్లో, కొండ పక్కన మొదటిసారి విప్పితే ముడులు పడతాయి. వేశాక వంద మీటర్లు నడిపి, దిగి మళ్లీ బిగించాలి. 50 కిలోమీటర్ల వేగం దాటకూడదు. తారు కనబడగానే తీసేయండి. పొడి రోడ్డు మీద తెగిన లంకె చక్రపు గూడును చీల్చి బ్రేకు గొట్టాన్ని కొట్టగలదు.