ఆవకాయ జాడీలోకి ఏది మేలు: నువ్వుల నూనెనా, వేరుశనగ నూనెనా?

ఏప్రిల్ మొదలైతే చాలు, నాకు వచ్చే మెసేజుల్లో సగం ఒకటే ప్రశ్న. "ఈసారి ఆవకాయ పల్లీ నూనెతో పెట్టేయొచ్చా అండీ? నువ్వుల నూనె రేటు చూస్తే గుండె గుభేలుమంటోంది." విడివిడిగా జవాబులిచ్చి విసుగొచ్చింది. అందుకని ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నాను.

మా ఇంట్లో రెండు సంప్రదాయాలూ ఉన్నాయి. అమ్మవాళ్ళది గోదావరి వైపు, అక్కడ పప్పు నూనె, అంటే నువ్వుల నూనె, పచ్చిగానే పోస్తారు. అత్తగారివాళ్ళది అనంతపురం, అక్కడ వేరుశనగ నూనె తప్ప వేరే నూనె గురించి మాట్లాడితే అదోలా చూస్తారు. కాబట్టి నాకు పక్షపాతం లేదని చెప్పను గానీ, రెండు రుచులూ తెలుసు.

ముందు ఆరోగ్యం సంగతి తేల్చేద్దాం. "ఏది గుండెకి మంచిది?" అని అడిగేవాళ్ళకి నా జవాబు ఒక్కటే: అన్నంలో కలుపుకునే చెంచాడు ఆవకాయలో నూనె ఏదన్నది పెద్ద విషయం కాదు, అందులో ఉప్పు పెద్ద విషయం. బీపీ ఉన్నవాళ్ళు ఆలోచించాల్సింది దాని గురించి. నూనెని ఎంచుకోవడానికి ఆరోగ్యం కొలబద్ద కాదు. అసలు కొలబద్ద, జాడీలో ఏడాదిపాటు కనరెక్కకుండా ఏది నిలుస్తుందన్నదే.

ఎందుకంటే పచ్చడిని క్రిముల నుంచి కాపాడేది ప్రధానంగా నూనె కాదు. ఆ పని ఉప్పు, మామిడి పులుపు, ఆవపిండి చేస్తాయి. నూనె పని గాలిని ఆపడం. బూజు పెరగాలంటే గాలి కావాలి. ముక్క మీద నూనె నిలిచి ఉంటే దానికి గాలి అందదు. అయితే ఆ గాలి దెబ్బంతా నూనె తనే తినాలి. మే నెలలో పెట్టింది మళ్ళీ మే వచ్చేదాకా.

ఇక్కడే తమాషా ఉంది. కాగితం మీద లెక్కలు చూస్తే వేరుశనగ నూనే గెలవాలి. నూనెలో ఉండే కొవ్వు ఆమ్లాల్లో ఒలీయిక్ నెమ్మదిగా పాడవుతుంది, లినోలీయిక్ దానికి పది రెట్లకు పైగా వేగంగా గాలితో చర్య జరుపుతుంది. వేరుశనగలో రకాన్ని బట్టి ఒలీయిక్ 40 నుంచి 50 శాతం, లినోలీయిక్ 30 నుంచి 38 శాతం దాకా ఉంటాయి. నువ్వుల నూనెలో రెండూ 40 శాతానికి అటూ ఇటూ. అంటే త్వరగా చెడే సరుకు నువ్వుల నూనెలోనే ఎక్కువ. అయినా జాడీలో ముందు వాసన మారేది వేరుశనగ నూనే. నువ్వుల నూనెతో పెట్టిన ఆవకాయ, తడి చెయ్యి తగలకపోతే, రెండో వేసవిలో కూడా తినగలిగేలా ఉంటుంది.

కారణం కొవ్వులో లేదు, కొవ్వుతోపాటు నువ్వుగింజ నుంచి వచ్చే మరికొన్ని పదార్థాల్లో ఉంది. సిసమిన్, సిసమోలిన్ అనే లిగ్నాన్లు 100 గ్రాముల నువ్వుల నూనెలో అర గ్రాము నుంచి గ్రాము దాకా ఉంటాయి. వీటికి తోడు గామా టోకోఫెరాల్, అంటే విటమిన్ ఇ కుటుంబంలోది. సిసమోలిన్ విడిపోతే సిసమాల్ వస్తుంది. అసలు మొనగాడు అదే. పచ్చి నూనెలో సిసమాల్ కొద్దిగానే ఉంటుంది. నువ్వులు వేయించినా నూనె బాగా కాచినా పెరుగుతుంది.

ఇవి చేసే పని ఇదీ. నూనె చెడడం ఒక గొలుసు. గాలి తగిలిన ఒక కొవ్వు అణువు పెరాక్సైడ్‌గా మారే దారిలో పక్కదాని నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది, అది ఇంకోదాని నుంచి లాక్కుంటుంది. ఇలా పాకుతూ పోయి చివరికి హెక్సనాల్ లాంటి చిన్న చిన్న ముక్కలుగా విరుగుతాయి. మనకి కనరు వాసన కొట్టేది వాటివల్లే. సిసమాల్, టోకోఫెరాల్ తమ హైడ్రోజన్ ఇచ్చేసి, తాము మాత్రం ఇంకొకరి మీద పడకుండా ఊరుకుంటాయి. గొలుసు అక్కడ తెగుతుంది. వేరుశనగ నూనెలో టోకోఫెరాల్ ఉంది గానీ ఈ లిగ్నాన్లు లేవు. అందుకే నా దృష్టిలో పోటీ ఇక్కడే తేలిపోయింది. కొన్ని రిఫైండ్ నూనెల సీసా వెనక టీబీహెచ్‌క్యూ లేదా 319 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. అది చేసేదీ ఇదే పని, కాకపోతే ఫ్యాక్టరీలో కలుపుతారు.

మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మన దేశంలో వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలని నిబంధన ఉంది. రుచి కోసం కాదు, దొంగని పట్టడానికి. నేతిలో వనస్పతి కలిపితే, కాస్త హైడ్రోక్లోరిక్ యాసిడ్, రెండు చుక్కల ఫర్‌ఫ్యూరాల్ వేసి కుదపగానే అడుగున యాసిడ్ పొర ఎర్రబడుతుంది. బాడోయిన్ పరీక్ష అంటారు. యాసిడ్ తగిలి సిసమోలిన్ నుంచి విడుదలయ్యే సిసమాలే ఆ రంగుకి కారణం. "మరి ఇంట్లో నువ్వుల నూనె స్వచ్ఛతని ఇలాగే చూసుకోవచ్చా?" అని ఒకాయన అడిగారు. వద్దు. రంగు వస్తే నువ్వుల నూనె ఉందని తెలుస్తుంది, మిగతాది పామోలిన్ కాదని తెలియదు.

నూనె చెడుతోందని ముక్కు కంటే ముందు కన్ను చెబుతుంది. మిరపకాయ ఎరుపు క్యాప్సాంథిన్ అనే రంగుపదార్థానిది. అది నూనెలో కరుగుతుంది, నూనెతోపాటే గాలికి మాడుతుంది. జాడీ మూత తీసి లోపలి గోడ చూడండి. నూనె మట్టం దిగిపోయిన చోట పల్చటి పొర మిగిలి ఉంటుంది. గాలి ఎక్కువ తగిలేది దానికే కాబట్టి ముందు అక్కడే ఎరుపు వెలిసి ఇటుక రంగుకి తిరుగుతుంది, వేలు పెడితే జిగురుగా అంటుకుంటుంది. ఆ జిగురుని వాసన చూస్తే జాడీ మొత్తానికి రేపు ఏం కాబోతోందో ఇవాళే తెలిసిపోతుంది. ఆ అంచుని పొడి గుడ్డతో తుడిచేస్తే మరికొన్నాళ్ళు ఆయుష్షు. మా అత్తగారు చిన్న జాడీలోకి తీసినప్పుడల్లా ఈ పని తప్పకుండా చేస్తారు. ఎందుకని అడిగితే "మడి" అంటారు.

ఇక వేరుశనగ నూనె తరఫున చెప్పాల్సినవి చెప్పకపోతే అనంతపురం వెళ్ళలేను. తాజాగా ఉన్నంతకాలం దాని కమ్మదనం వేరు. పోపు వేసే పచ్చళ్ళకి, అంటే టమాటా, గోంగూర, పండుమిరప లాంటివాటికి, నాకూ వేరుశనగ నూనే ఇష్టం. వాటిలో నువ్వుల నూనె పోస్తే దాని చిరుచేదు గోంగూర పులుపుతో తగువు పెట్టుకుంటుంది. పైగా అవి ఇంట్లో నాలుగు నెలలు నిలిస్తే గొప్ప, అంతలో చెడే నూనె కాదు ఇది. ఖర్చు కూడా తక్కువ.

ఈ లెక్క మారే అవకాశమూ ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 అనే రకాలు తెచ్చాయి. వీటి నూనెలో ఒలీయిక్ 80 శాతం దాకా ఉంటుంది. లినోలీయిక్ అంత తగ్గిపోయాక, లిగ్నాన్లు లేకపోయినా కనరెక్కడం బాగా నెమ్మదిస్తుంది. ఆ కాయలే విడిగా పట్టించిన నూనె దొరికితే నేను కూడా ఒక జాడీ పెట్టి చూస్తాను.

వేరుశనగతో నాకున్న అసలు టెన్షన్ మాత్రం వేరు, అది అఫ్లటాక్సిన్. తడి తగిలిన, పురుగు కొట్టిన కాయల్లో ఆస్పర్‌జిల్లస్ బూజు తయారుచేసే విషం. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వాటికి మేతగా వేసిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలో, ఇది బయటపడింది. నూనె తీసినప్పుడు చాలావరకు చెక్కలోనే ఉండిపోతుంది, రిఫైనింగ్‌లో క్షారం తగిలితే మిగిలింది కూడా పోతుంది. గానుగలో ఆ దశ లేదు. అందుకని గానుగ నూనె కొనేవాళ్ళు నూనె రంగు కాదు, గానుగలో పోసే గింజల్ని చూడాలి. నల్లబడినవీ ముడుచుకుపోయినవీ ఏరకుండా గుమ్మరించేస్తుంటే అక్కడ కొనకండి. అడుగున మడ్డి పేరుకున్న నూనె తేర్చి వాడండి.

నువ్వుల నూనెలోనూ మోసాలు తక్కువేం కాదు. దీపారాధన నూనె అని అమ్మే సీసాల మీద నువ్వుల బొమ్మ ఉంటుంది, వెనక "తినడానికి కాదు" అని ఉంటుంది. చవకగా వచ్చిందని ఆ సీసా తెచ్చి పచ్చట్లో పోసిన ఇల్లు నాకు తెలుసు. గానుగ నువ్వుల నూనెకి ఇంకో ఇబ్బంది తేమ. ఆడేటప్పుడు కాస్త నీళ్ళు చల్లుతారు, కొన్నిచోట్ల బెల్లం కూడా వేస్తారు. గరిటెడు వేడిచేస్తే చిటపటలాడిందంటే తేమ పోలేదన్నమాట. అలాంటి నూనెని ఎండలో పెట్టి తేర్చాకే వాడాలి.

వేడి నూనె గురించి ఒక మాట. తెలంగాణలో చాలా ఇళ్ళల్లో నూనె కాచి పోపు పెట్టి పోస్తారు. నూనె ఏదైనా పూర్తిగా చల్లారాకే ఆవపిండిలో పడాలి. ఆవ ఘాటు పిండిలో రెడీగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం మీద మైరోసినేజ్ అనే ఎంజైము, మామిడి ముక్క ఊరిన నీళ్ళలో పనిచేస్తేనే ముక్కుకెక్కే ఐసోథయోసయనేట్ పుడుతుంది. క్రిముల్ని అణచడంలో దానిదీ చేయి ఉంది. కాగే నూనె పోస్తే ఎంజైము చచ్చి, ఘాటూ పోయి, రక్షణా తగ్గుతుంది. "మా ఆవకాయ మూడో రోజుకి కూడా ఘాటెక్కలేదు" అనేవాళ్ళలో చాలామంది చేసింది ఇదే.

మిగతా నూనెలు కూడా అడుగుతారు. సన్‌ఫ్లవర్‌లో సాధారణ రకానికి లినోలీయిక్ 60 శాతం పైనే, ఏడాది నిల్వకి వద్దు. తవుడు నూనెలో కనరుని ఆపే ఒరైజనాల్ అనే పదార్థం ఉంది, వేపుళ్ళకి బాగుంటుంది, పచ్చడికి వాసనా రుచీ ఏమీ ఇవ్వదు. ఆవనూనె ఉత్తరాది పచ్చళ్ళకి సరిపోతుంది, మన ఆవకాయలో వేస్తే అదే మామిడి కంటే ముందు పలకరిస్తుంది. కొబ్బరి నూనె చలికాలంలో పేరుకుంటుంది. పామోలిన్ గురించి అడక్కండి.

అమెరికా, ఇంగ్లండ్‌లో ఉండి ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్ళకి నువ్వుల నూనెకే ఓటు. వేరుశనగ నూనె ఫ్రిజ్ చల్లదనానికి మసకబారి చిక్కబడుతుంది. అది చెడిపోవడం కాదు, బయట పెడితే కరుగుతుంది. కానీ ప్రతిసారీ తీసి పెట్టడం, సీసా లోపల చెమ్మ పట్టడం ఎందుకు? ఎవరికైనా సీసా బహుమతిగా ఇస్తే మాత్రం నూనె పేరు రాసి ఇవ్వండి. పల్లీ ఎలర్జీ అందరికీ తెలుసు, నువ్వుల ఎలర్జీ ఉన్నవాళ్ళూ ఉంటారు. 2023 జనవరి నుంచి అమెరికాలో ప్యాకేజీ ఆహారం మీద నువ్వుల పేరు తప్పనిసరిగా రాయాలి.

చివరగా, దసరా తర్వాత వచ్చే ప్రశ్న: "జాడీలో నూనె తగ్గింది, ఇంట్లో ఉన్న పల్లీ నూనె పోసి నింపొచ్చా?" లోపలి నూనె బాగుంటే పోయొచ్చు, రుచి కొంచెం మారుతుంది, అంతే. లోపలిది అప్పటికే కనరెక్కి ఉంటే మాత్రం ఏ నూనె పోసినా దండగే, పాతదానిలోని పెరాక్సైడ్లు కొత్తదాన్ని కూడా లాగేస్తాయి. ముందు అంచు జిగురు వాసన చూసి, తర్వాతే నూనె సీసా మూత తియ్యండి.