పన్నెండు స్కేళ్ళలో గాస్పెల్ కార్డ్స్: వారానికో స్కేలా, రోజూ అన్నీనా, ఏది మేలు?

మొన్న ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా, ఇంకా పన్నెండు స్కేళ్ళు ఎందుకు కొట్టుకోవడం" అని. (కీబోర్డులో అది నొక్కితే వేళ్ళు ఉన్న చోటే ఉండి శృతి పైకో కిందికో జరుగుతుంది.) నవ్వొచ్చింది, ఎందుకంటే నాలుగైదేళ్ళు నేను వాయించింది కూడా ఆ బటన్ మీదే. మా చర్చిలో ఆదివారం పాట ఎత్తేది అమ్మగారు, ఆవిడకి అయిదున్నర శృతి హాయిగా ఉంటుంది, అంటే జి షార్ప్. తర్వాత సాక్ష్యం చెప్పి ఓ పాట పాడే అంకుల్‌ది ఒకటిన్నర. ఇక యూత్ వాళ్ళు ఎక్కడ ఎత్తుకుంటారో ఎత్తుకునేదాకా వాళ్ళకే తెలీదు. నేను మాత్రం వేళ్ళు సి మీదే పెట్టి ప్లస్సులు మైనస్సులు నొక్కుకుంటూ బతికేసేవాడిని.

ఓ క్రిస్మస్ కూడికలో ప్లస్ త్రీ పెట్టి వాయిస్తున్నా, కొత్తగా వచ్చిన బేస్ గిటార్ కుర్రాడు చెవి దగ్గరకొచ్చి "స్కేల్ ఏంటన్నా" అన్నాడు, నా వేళ్ళు సి మీద ఉన్నాయి కాబట్టి సి అని చెప్పేశా. వాడు పాపం నమ్మాడు. వాడు సి, స్పీకర్‌లో నాది డి షార్ప్, రెండూ కలిసి ఏం వినపడిందో మీరే ఊహించుకోండి, అందరూ వాడి వైపే చూశారు, తప్పు నాది. అది సర్దుకున్నామా, తర్వాత పాటకి ఆ ప్లస్ త్రీ తీయడం మర్చిపోయా.

అంతమాత్రాన బటన్ పాపం ఏమీ కాదు. స్కేల్ చేంజర్ హార్మోనియం చేసేది అదే పని, మెట్ల వరస మొత్తం పక్కకి జరుగుతుంది, వేళ్ళు మాత్రం ఉన్న చోటే. అమెరికాలో అర్వింగ్ బెర్లిన్ అని పెద్ద పాటల రచయిత, ఆయన ఎక్కువగా నల్ల మెట్ల మీద ఎఫ్ షార్ప్‌లోనే వాయించేవాడట, మిగతా స్కేళ్ళ కోసం మీట తిప్పితే శృతి మారే పియానో చేయించుకున్నాడు, అలాంటిదొకటి ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కాబట్టి బటన్ వాడేవాడికి సంగీతం రాదని నేననను. కాకపోతే గాస్పెల్ వాయించాలంటే ఇబ్బంది ఇంకోచోట వస్తుంది.

గాస్పెల్ అంటే ఇక్కడ నేను చెప్పేది అమెరికా నల్లజాతి వాళ్ళ చర్చిల్లో పుట్టిన వాయింపు గురించి. అక్కడ ప్రసంగం ముదిరేకొద్దీ పాస్టర్ మాట రాగంలోకి ఎక్కిపోతుంది, ఆయన గొంతు ఏ శృతికి చేరితే ఆర్గన్ వాయించేవాడు ఆ శృతిలోనే జవాబిస్తూ వెనకాలే వెళ్ళాలి, ఆయన ఇంకో మెట్టు ఎక్కితే వీడూ ఎక్కాలి. ఆ చర్చిల్లో ప్రాణంగా చూసుకునే పాత హమ్మండ్ బి త్రీ ఆర్గన్‌కి ట్రాన్స్‌పోజ్ బటనే లేదు. ఉన్నా ఆ వేడిలో నొక్కే టైమెక్కడ.

సరే, పన్నెండూ నేర్చుకోవాలని ఒప్పుకున్నాం, మరి ఏ వరసలో? నేను ప్రయత్నించినవి నాలుగు.

మొదటిది వారానికో స్కేల్. ఈ వారం సి, వచ్చే వారం సి షార్ప్, అలా. వినడానికి బాగుంటుంది, ఒక్కో స్కేల్‌ని లోతుగా చూస్తాం, ఆ స్కేల్లో పాటలు కూడా వాయించుకోవచ్చు. కానీ పన్నెండు వారాలంటే మూడు నెలలు, బి కి వచ్చేసరికి సి షార్ప్ మొహం మర్చిపోతాం. నాకు సరిగ్గా అదే అయ్యింది, రెండోసారి మొదలుపెడితే మళ్ళీ అ ఆ ల నుంచే.

రెండోది పక్క మెట్టుకి జరగడం, సి, సి షార్ప్, డి, డి షార్ప్ అని. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా తేలికైన వరస లేదు, చేతికి మాత్రం ఇదే కష్టం. సి మేజర్ కార్డ్ అంటే కలిపి నొక్కే మూడు స్వరాలు, మూడూ తెల్లవి, పక్కనే సి షార్ప్‌కి వెళ్తే నలుపు తెలుపు నలుపు, డి కి వెళ్తే తెలుపు నలుపు తెలుపు, ప్రతిసారీ చెయ్యి ఆకారం తలకిందులవుతుంది. అయినా దీనికి ఒక చోట పనుంది. పాట చివర్లో అర మెట్టు పైకి ఎత్తుతారు చూడండి, జనం ఒక్కసారిగా లేచి నిలబడే చోటు, అక్కడ సి నుంచి సి షార్ప్‌కి పోవాలంటే ముందు జి షార్ప్ సెవెన్ (కార్డ్‌కి సెవెంత్ అనే ఇంకో స్వరం కలిపినది) కొట్టి అందులోకి దిగాలి. ఆ ఒక్క దిగుడు కోసం ఈ వరస వారంలో ఒక రోజు చేస్తే చాలు.

మూడోది ఆకారాల వారీగా. సి, ఎఫ్, జి మూడూ తెల్లవే, ఒక గుంపు. డి, ఈ, ఏ మధ్యలో నలుపు. సి షార్ప్, డి షార్ప్, జి షార్ప్ మధ్యలో తెలుపు. మిగిలిన మూడూ ఒంటిగాళ్ళు, ఎఫ్ షార్ప్ మొత్తం నలుపు, బి ఒకటి, ఏ షార్ప్ ఒకటి. ఇప్పుడే మేజర్ కార్డ్స్ పట్టుకోవడం నేర్చుకుంటున్నవాళ్ళకి దీన్ని మించింది లేదు, వారం పది రోజుల్లో పన్నెండు మేజర్లూ చేతికొస్తాయి. అక్కడితో దీని పని అయిపోయింది, ప్రోగ్రెషన్స్‌కి, అంటే కార్డ్ తర్వాత కార్డ్ నడిచే వరసలకి, ఇది అక్కరకు రాదు.

ఇక నాలుగోది, నా ఓటు దీనికే. ఉన్న చోటు నుంచి నాలుగో స్వరానికి వెళ్ళడం. సి, ఎఫ్, బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఏ ఫ్లాట్, డి ఫ్లాట్, జి ఫ్లాట్, బి, ఈ, ఏ, డి, జి, మళ్ళీ సి. (మనవాళ్ళకి ఫ్లాట్ అనే అలవాటు తక్కువ, బి ఫ్లాట్‌ని ఏ షార్ప్ అనే అంటాం, మెట్టు ఒకటే కాబట్టి గొడవలేదు.) ఇందులో గొప్పేంటంటే ఈ వరసే గాస్పెల్ వాయింపు. సి లో సెవెన్ త్రీ సిక్స్ టూ ఫైవ్ వన్ (స్కేల్లో ఎన్నో స్వరం మీద కార్డో చెప్పే అంకెలు) అని ఆ చర్చిల్లో తెగ వాడే నడక ఒకటుంది, ఎడమ చేతి స్వరాలు చూడండి, బి, ఈ, ఏ, డి, జి, సి. పైన చెప్పిన వరసలో చివరి ముక్క అచ్చంగా ఇదే కదా! ఏ ఫ్లాట్‌లో అయితే జి, సి, ఎఫ్, బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఏ ఫ్లాట్, అదీ అందులోదే. అంటే ఆ చక్రం నోటికొస్తే పన్నెండు స్కేళ్ళ బేస్ నడక సగం వచ్చేసినట్టే, కొత్తగా బట్టీ పట్టేదేం లేదు. మిగతా మూడు వరసల్లో స్కేల్ మారడం ఒక పని, ప్రోగ్రెషన్ ఇంకో పని, ఇక్కడ రెండూ ఒకటే.

ఇంకోటి, వన్ కార్డ్‌కి సెవెంత్ తగిలించగానే అది ఫోర్‌లోకి లాగుతుంది. సి సెవెన్ కొట్టి చూడండి, చెవి ఎఫ్ అడుగుతుంది. ఈ సెవెంత్‌లో బ్లూస్ రుచి కూడా ఉంది, 1932లో చికాగో పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చికి సంగీతం చూసుకోవడానికి వచ్చిన, గాస్పెల్ పితామహుడని పేరున్న థామస్ డోర్సీ అంతకుముందు బ్లూస్ పియానో వాయించినవాడే మరి. మన ప్రాక్టీస్‌లో ఒక స్కేల్ నుంచి ఇంకో స్కేల్‌కి దాటడానికి కూడా ఈ సెవెంతే వంతెన.

నేను చేసేది చెప్తా. సి స్కేల్లో ఎడమ చెయ్యి డి ఒక్కటి, కుడి చెయ్యి ఎఫ్ ఏ సి ఈ, అది టూ. ఎడమ చెయ్యి జి కి పోతుంది, కుడి చేతిలో సి ఒక్కటే బి కి దిగుతుంది, మిగతా మూడు వేళ్ళు కదలవు, అది ఫైవ్. ఎడమ చెయ్యి సి, కుడి చేతిలో బి అలాగే ఉంటుంది, మిగతా మూడూ ఒక్కో స్వరం కిందికి, ఈ జి బి డి, అది వన్. చివర్లో ఆ బి ని బి ఫ్లాట్ చేస్తే సి సెవెన్ రుచి వచ్చి ఎఫ్ స్కేల్ తలుపు తెరుచుకుంటుంది. టూ కి ఒక బార్ (నాలుగు దెబ్బలు), ఫైవ్ కి ఒకటి, వన్ కి రెండు, ఒక్కో స్కేల్‌కి మొత్తం పదహారు దెబ్బలు. మెట్రోనోమ్ (తాళం దెబ్బలు కొట్టేది) నిమిషానికి 60లో పెడితే పన్నెండు స్కేళ్ళూ తిరిగి రావడానికి 3 నిమిషాల 12 సెకన్లు, టీ మరిగేలోపు అయిపోతుంది. మొదట్లో జి ఫ్లాట్ దగ్గర బండి ఆగిపోతుంది, ఆగనివ్వండి, మెట్రోనోమ్ 40కి తగ్గించుకోండి గానీ ఆ స్కేల్‌ని దాటేసి మాత్రం వెళ్ళకండి, నేను ఏడాది దాటేశాను, ఇప్పటికీ అక్కడ నా చెయ్యి కాస్త బిగుసుకుంటుంది.

ఒక మాట మాత్రం, ఇది వచ్చింది కదా అని ప్రతి పాటలో దూర్చకండి. పాత కీర్తనలకి పైన రాగం, తాళం రాసి ఉంటాయి, అక్కడ సెవెన్ త్రీ సిక్స్ పెడితే రాగంలో లేని స్వరాలు దూరి పాట మొహం మారిపోతుంది, పెద్దవాళ్ళు ఊరుకోరు, ఊరుకోకపోవడమే న్యాయం. ఇక జానపదం బీట్‌లో మైనర్ పాటలకి రెండు కార్డ్సే అందం.

బటన్ ఇంకా వాడతా, రిథమ్ స్టైల్ నడుస్తూ కొత్త పాట మీద పడ్డప్పుడు. కానీ బేస్ కుర్రాడికి స్కేల్ పేరు చెప్పేముందు డిస్‌ప్లే ఒకసారి చూసుకుంటా. మిగతా పాటంతా వేళ్ళే చూపిస్తా, నాలుగు వేళ్ళు చూపిస్తే ఫోర్, రెండు చూపిస్తే టూ, స్కేల్ ఏదైనా వాడు పట్టేసుకుంటాడు. సెవెన్ చూపించాలంటే మాత్రం రెండు చేతులూ కావాలి, అందుకే దానికి కనుబొమ్మలు ఎగరేస్తా.