ఇన్‌కాయిస్ పీఎఫ్‌జెడ్ సమాచారం: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ తేడా కొడుతుంది

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే ఈ పీఎఫ్‌జెడ్ (పొటెన్షియల్ ఫిషింగ్ జోన్), అంటే చేపలు దొరకే చోట్ల సమాచారానికి పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ దొరుకుతుంది. కవళ్లు, కానాగంతల్లాంటి మంద చేపల వేటకు వెళ్లే బోటు దీన్ని చూడకుండా బయల్దేరితే డీజిల్ దండగే. రొయ్యల కోసం అడుగున వల ఈడ్చే ట్రాలర్లకు మాత్రం దీనివల్ల ఒరిగేది తక్కువ.

ఉపగ్రహానికి చేప కనబడదు. సముద్రం పైపొర వేడినీ, పచ్చదనాన్నీ కొలుస్తుందంతే. చల్లనీరు, వేడినీరు కలిసే గీత వెంట మేత పెరుగుతుంది, మేతకు చేప చేరుతుంది. ఏ చేపో, ఎంత ఉందో అది చెప్పదు. మబ్బు పడితే పైపొర కూడా సరిగా అందదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అది ముగిసి అందరూ సముద్రం మీద పడేసరికి రుతుపవనాల మబ్బులు. బాగా కావలసిన రోజుల్లోనే సమాచారం పలచబడుతుంది.

పట్టికలో ఒక్కో వరుసకు తీరంలోని ఊరు, దిక్కు, డిగ్రీలు, కిలోమీటర్లలో దూరం, మీటర్లలో లోతు, అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. పొరపాటు ఎక్కువగా చివరి గడిలోనే. అక్కడ రాసేది డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. జీపీఎస్ దశాంశ డిగ్రీల్లో ఉండగా 16° 42' 30" ని 16.4230 అని కొడితే బోటు 31 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి పోతుంది. సరైన అంకె 16.7083. అంకెలు కొట్టే ముందు సెట్టింగు మార్చుకోండి.

అక్కడికి చేరాక ఒకే బిందువు దగ్గర వల దించి కూర్చోకండి. అవి ఒక గీత మీది గుర్తులు, నీటివాటాన్ని బట్టి ఆ గీతా జరుగుతుంది. అదే సమాచారం పక్క బోటుకూ అందింది కాబట్టి చుట్టూ గుంపు ఉంటుంది. గీత వెంట నెమ్మదిగా నడుపుతూ ఎకో సౌండర్‌లో (నీటిలోకి శబ్దం పంపి చేపల జాడ చూపే పరికరం) మంద కనబడ్డాకే వల వేయాలి.

తీరం నుంచి 8 కిలోమీటర్లు సంప్రదాయ పడవలవి. గుర్తు ఆ లోపల పడినా మరబోటుకు అక్కడ హక్కు రాదు.

ఫోను సిగ్నల్ తీరం దాటిన కాసేపటికే పోతుంది. అందుకే 2019లో వచ్చిన జెమిని పరికరం దూరం వెళ్లేవాళ్లకు మంచి తోడు. గగన్ (జీపీఎస్‌కు తోడుగా భారత్ నడిపే వ్యవస్థ) ఉపగ్రహాల సందేశాన్ని బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపుతుంది, తుపాను హెచ్చరికా అందులోనే వస్తుంది. బోటు నుంచి కబురు పంపడం మాత్రం దానితో కుదరదు. ఆపదలో పిలవడానికి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు బోటులో ఉండాల్సిందే.